కాకి తన్నినందుకు జరిమానా

కౌలా సెలంగోర్, మలేషియా,
అక్టోబరు 8.

చిరంజీవి సుగంధికి మీ నాన్న దీవించి రాసేది.

ముందు నా కోపం చెప్పుకుంటాను, క్షేమం తర్వాత. ఆరేళ్ల కింద మీ అమ్మ పోయినప్పుడు నువ్వు ఒక్కదానివే విమానం దిగావు. పిల్లలేరీ అంటే, రూబన్‌కి బడి ఉంది నాన్నా, బడి రోజుల్లో పిల్లల్ని ఊరు తీసుకెళ్తే ఇంగ్లాండులో తల్లిదండ్రులకి జరిమానా వేస్తారు అన్నావు. సరే అన్నాను. మీ అమ్మ ఆఖరి రోజుల్లో మనవలు వస్తారని గుమ్మం వైపే తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఏటా నీది ఒకటే పాట. బడి సెలవులకి వస్తాం అంటావు. సెలవులు రాగానే టిక్కెట్టు ధర తాటిచెట్టు ఎక్కింది అంటావు. సెలవుల్లో టిక్కెట్టు, బడి రోజుల్లో జరిమానా. రెండు తలుపులూ మూసేస్తే మనిషి ఏ కిటికీలోంచి దూరాలి? ఇది ఆరేళ్లుగా నా గొంతులో చేప ముల్లు. ఈ రోజు కక్కేశాను.

ఇక క్షేమం. ఇక్కడ నేనూ, మీ దేవుడమ్మ అత్తా బాగానే ఉన్నాం. నేను బతికే ఉన్నాను. ఈ ముక్క వేరేగా రాయాల్సి వస్తుందని ఎవరనుకున్నారు? అక్కడ నువ్వూ, అల్లుడు జగదీష్ బాబూ, రూబన్, తనూషా కులాసాగా ఉండాలని దేవుణ్ణి అడుగుతున్నాను.

నీ ఉత్తరం మొన్న శుక్రవారం వచ్చింది. ఆ ఇంటికి ఇక ఫోను చెయ్యనని పంతం పట్టి కాగితం మీద రాశావు. ఆ పంతం ఎక్కడిదో నాకు తెలుసులే, రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తాను. గుడి వెనక ఆదివారం క్లాసులో నేర్చుకున్న అక్షరాలు మరిచిపోలేదు, సంతోషం. నీ ఒత్తులు నా వాటికన్నా తిన్నగా ఉన్నాయి. నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. "అత్త నాకు రెండో కబురు ఎందుకు పంపలేదు" అని అడిగావు చూడు, దాని జవాబు మాత్రం చివర. అక్కడి దాకా చదువు. మధ్యలో చింపకు.

తల ఎలా ఉంది అన్నావు. మానింది. ఆ రోజు ఏం జరిగిందో నువ్వు కోపంలో సగం కూడా వినలేదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. పొద్దున్న పసార్ సంతలో చేపలు కొని సంచి పట్టుకుని నడిచి వస్తున్నాను. ఒక కాకి దిగింది. చేపల జోలికి పోలేదు. నా నడినెత్తి మీద రెండు కాళ్లతో తన్ని పోయింది. నెత్తురు కారింది. నేనైతే ఎవరికీ చెప్పకపోదును. కాఫీకొట్టు చీనావాడు చూశాడు, నేను ఇల్లు చేరేలోపే మీ అత్తకి ఫోను కొట్టి చెప్పేశాడు.

అత్త వీధిలోకి పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! శనిరా తమ్ముడూ, శని తన్నినాది! లోపలికి రాకు. ముందు తలకి పోసుకో. నెత్తురు సంబందం ఉన్నోలికి నీ సావు కబురు అంపాల. ఆళ్లు ఏడిస్తే గండం ఎల్లిపోద్ది."

"ఎవులున్నారే అంపడానికి?"

"కన్నకూతురు ఏడుపే గట్టిదిరా."

ఇది నీకు తెలియని సంగతి కాదు. పాత ఎస్టేటులో ఎవరిని కాకి తన్నినా పక్క లైను ఇళ్లలో ఉన్న చుట్టానికి చావు కబురు పోయేది. వాళ్లు గుండెలు బాదుకుంటూ పరుగున వచ్చేవారు. చూస్తే చచ్చినవాడు గడపలో కూర్చుని చుట్ట కాల్చుకుంటూ ఉండేవాడు. తిట్టి, నవ్వి, కాఫీ తాగి పోయేవారు. కబురుకీ నిజానికీ మధ్య ఒక కాలిబాట ఉండేది, అంతే. ఇప్పుడు మధ్యలో సముద్రాలున్నాయన్నది మా ముసలి బుర్రలకి తట్టలేదు.

అత్త ఫోనులో గొంతు రికార్డు చేసి పంపింది. "సుగందీ, మీ నాన్న మనకి నేడే తల్లీ, ఎల్లిపోనాడే" అని మొదలుపెట్టి, ఆవిడకే నిజమనిపించి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఎదురుగా తల తుడుచుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి నువ్వు ఫోను చేశావు. నీ ఏడుపు నేను విన్నాను. కూతురు ఏడవగానే బతికే ఉన్నాడని రెండో కబురు పోవాలి, అది పద్ధతి. రెండో కబురు పోలేదు. నువ్వు బడిలో మా నాన్న పోయాడని చెప్పి, పిల్లల చెయ్యి పట్టుకుని విమానం ఎక్కేశావు.

మీరు కారు దిగింది నా కళ్లకి ఇంకా కడుతోంది. నువ్వు తెల్లబట్టలు కట్టుకుని, మొహం వాచిపోయి, నడవలేక నడుస్తున్నావు. నేను కొత్త చొక్కా వేసుకుని బెంచీ మీద ఉన్నాను. చేతిలో కాఫీ గ్లాసు. ముందు తనూషే చూసింది.

"అమ్మా, తాత సచ్చిపోలేదు. కాఫీ తాగుతున్నాడు."

దానికి వచ్చిన తెలుగంతా అదే. నువ్వు నేర్పిందే కదా! నువ్వు నా గుండె మీద రెండు చేతులతో కొట్టావు. కొట్టి, ఆ చేతులతోనే పట్టుకున్నావు. తర్వాత అత్త మీదికి తిరిగావు.

"నీకు బుద్ధుందా అత్తా? కాకి తన్నినాదని మా నాన్నని సంపేస్తావా? మళ్లీ ఒక్క ఫోను సెయ్యలేకపోనావా?"

"నాదే తప్పమ్మా. మరిసిపోనాను," అంది అత్త. నీ సంచులు లోపలికి మోసుకుపోయింది.

ఇక జరిమానా సంగతి. నీ ఉత్తరంలో అది చదివి ముందు నవ్వాను, దాచను. తనూష తిరిగి వెళ్లి క్లాసులో లేచి నిలబడి, "మా తాత చచ్చిపోయాడు. మేము మలేషియా వెళ్లాం. తర్వాత తాత నాకు చెండోల్ కొనిపెట్టాడు," అని చెప్పిందా! ఐసు, కొబ్బరిపాలు, పచ్చటి సేమ్యా అన్నీ బొమ్మ గీసి చూపించిందా! పక్కన కర్ర పట్టుకుని నేను కూడా ఉన్నానా! పిల్లది అబద్ధం ఆడలేదు. జరిగింది జరిగినట్టే చెప్పింది.

తర్వాత చదివినదానికి నవ్వు రాలేదు. పెద్దటీచరు నిన్ను పిలిచి మీ నాన్న చావు కాగితం తెమ్మంది. దాన్ని నువ్వెక్కడ తెస్తావు? నేను ఇద్దామన్నా నా చేతిలో లేదు. ఇద్దరు పిల్లలకీ, తల్లికి వేరే, తండ్రికి వేరే జరిమానా పడింది. పాపం జగదీష్ బాబు విమానమే ఎక్కలేదు! అంతకన్నా, నువ్వు ఆ బడి వంటగదిలోనే పిల్లలకి వడ్డిస్తావు. అక్కడ అందరి ముందూ అబద్ధాలకోరు అనిపించుకున్నానని రాశావు. ఆ ముక్క దగ్గర కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కాసేపు పామాయిలు గెలల మధ్య తిరిగి వచ్చాను.

మా నాన్నకి ప్రాణం మీదికి వచ్చిందని అక్కడి క్లినిక్కులో ఒక కాగితం రాయించు, జగదీష్ అడగమన్నాడు అని రాశావు. రాయించను. ఒక చావు అబద్ధం చాలు. దాన్ని కప్పడానికి జబ్బు అబద్ధం ఒకటి వద్దు.

ఆ బడిని తిట్టకు కూడా. నేను రెండో క్లాసులో ఉండగా మా నాన్న నన్ను బడి మాన్పించి రాలిన పళ్లు ఏరడానికి తీసుకుపోయాడు. ఎస్టేటులో ఒక్కడు వచ్చి పిల్లాడేడీ అని అడగలేదు. వాళ్ల లెక్కలో నేను బడిలో ఉన్నా ఒకటే, బురదలో ఉన్నా ఒకటే. మా నాన్నకి జరిమానా వేసే బడి ఒకటుంటే ఈ ఉత్తరం ఇన్ని వంకర్లు పోయేది కాదు. నా మనవరాలు కొన్నాళ్లు కనబడకపోతే ఎక్కడుందని అడిగే మనిషి ఒకరు ఆ దేశంలో ఉన్నారు. నాకు అది గొప్పగానే ఉంది. పెద్దటీచరుకి నా దండాలు చెప్పు. జరిమానా న్యాయమే. కానీ అది పడాల్సింది నా మీద.

మీరు ఇక్కడున్న రోజుల గురించి నువ్వు ఏమీ రాయలేదు. నేను రాస్తాను. తనూష కాకి తన్నిన చోట రోజూ పూలబొమ్మల ప్లాస్టరు అంటించేది. ఉన్న వెంట్రుకలు నాలుగూ దానికే అంటుకుని ఊడిపోయాయి. పోనీ. మీరు వెళ్లాక కూడా ఆఖరి ప్లాస్టరు తియ్యలేదు. ఊరి కొండ మీద కోతులకి పెట్టే చిక్కుళ్లు ఒక కోతి దాని చేతిలోంచి లాక్కుంటే, తనూష ఏడవకుండా కోతిని ఇంగ్లీషులో తిట్టింది. మన రక్తమే. రూబన్ మాట్లాడడు కానీ నేను గెల కిందకి దించితే వచ్చి రెండో చివర పట్టుకునేవాడు. చెప్పకుండానే. మీ అమ్మ అలాగే వచ్చి పట్టుకునేది.

మీ అమ్మ బూడిద కలిపిన చోటికి, నది సముద్రంలో పడే దగ్గరికి, పిల్లల్ని తీసుకెళ్లావు. తనూష పూలు నీళ్లలో వేసి, "అమ్మమ్మా, మేము వచ్చాం," అంది. ఆ మాట నువ్వు నేర్పావో, అదే అందో నేను అడగలేదు. ఆరేళ్ల చేప ముల్లు అక్కడ సగం కరిగింది. నేను ఎవరికీ థాంక్స్ చెప్పే మనిషిని కాను, నీకు తెలుసు. నీకు చెబుతున్నాను. చచ్చినవాడెవడూ తన చావుకి ఎవరొచ్చారో చూడలేడు. నేను చూశాను. నువ్వు వచ్చావు, పిల్లల్ని తెచ్చావు. ఇక నిజంగా పోయినప్పుడు నువ్వు రాలేకపోయినా నాకు బాకీ లేదు.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్న.

అత్త మరిచిపోలేదు. ఆవిడ దేన్నీ మరిచిపోదు. ఆ రోజు నువ్వు ఫోనులో ఏడుస్తూ, "నేను వచ్చేదాకా నాన్నని ఎత్తొద్దు అత్తా, పిల్లల్ని తెస్తన్నాను," అన్నావు. అని పెట్టేశావు. వెంటనే అత్త కళ్లు తుడుచుకుని, "ఏడిసినాది, సాలు. గండం పోనాది. ఇక నిజం సెప్పేత్తాను," అని ఫోను తీసింది.

ఆ ఫోను నేను లాక్కున్నాను.

"ఏటిరా?" అంది.

"ఉండు. సాయంత్రం దాకా ఉండు."

"గుంట గుండె పగిలిపోద్దిరా!"

"తల్లి సావుకి పిల్లల్ని తేలేదు. నా సావుకి తెత్తాదో నేదో సూడనీ."

ఫోను నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. మోగింది. గుండె మీద మోగింది సుగంధీ, వణికింది కూడా. ఎత్తలేదు. అత్త కాళ్లు పట్టుకుంది, ఇవ్వలేదు. చొక్కాతోనే పడుకున్నాను. తెల్లారి చూస్తే మీరు విమానం ఎక్కారని జగదీష్ బాబు ఫోనులో రాశాడు. అప్పుడు భయం వేసింది. అప్పుడిక చేసేదేం లేదు.

నువ్వు గుమ్మంలో అత్తని తిట్టినప్పుడు నేను కాఫీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. పొగరు. మీరు వెళ్లాక, "నా పేరు ఎందుకు సెప్పనేదే?" అని అడిగాను. మీ అత్త బియ్యంలో రాళ్లు ఏరుతూ అంది, "నా మీద కోపమైతే నా కాడే ఉంటాది. నీ మీద కోపమొస్తే గుంట ఈ ఇంటికే రాదురా."

నిన్ను నడుం మీద మోసి పెంచిన మనిషి. ఇప్పుడు ఆదివారం వస్తే ఫోను తుడిచి, చార్జి పెట్టి, పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంటుంది. మోగదు. లేచి, కాకులకి అన్నం పెట్టడానికి పోతుంది. కాకులకి ఇంకా పెడుతున్నారా అని అడిగావుగా. పెడుతోంది. నన్ను తన్నినదాన్ని గుర్తుపట్టిందట, దాన్ని మాత్రం కర్రతో తోలుతుంది.

కాబట్టి విను. ఈ ఉత్తరం పెద్దటీచరు ముందు పెట్టి ఇంగ్లీషులో చెప్పు. నా కూతురు అబద్ధం ఆడలేదు, తనకి చెప్పిందే తను చెప్పింది, ఆడినవాణ్ణి నేను. కింద వేలిముద్ర కూడా వేస్తాను, సంతకం మీద నమ్మకం లేకపోతే. జరిమానా అంతా నేనే కడతాను. జగదీష్ బాబుకి పడినదానికి క్షమించమని కూడా కలిపి చెప్పు.

నన్ను ఎంత తిడతావో తిట్టు, ఉత్తరంలో తిట్టు, నేను దాచుకుంటాను. కానీ అత్తకి ఫోను చెయ్యాలి. ఈ నెల ఇరవై ఆరో తేదీ, ఆదివారం, మాకు సాయంత్రం కాఫీ వేళకి. ఆ రోజు దాటితే నేను ఒప్పుకోను. ఈ ఉత్తరం గురించి ఆవిడకి తెలియదు, మోగినప్పుడే తెలియాలి. ఎత్తేది ఆవిడే. నేను ఎదురుగా కూర్చుంటాను, జేబు లేని చొక్కా వేసుకుని.

ఇట్లు,
తన కోసం నిన్ను ఒకసారి ఏడిపించిన
మీ నాన్న,
కాంతయ్య.