లైను చివరి ఖాళీలు

అక్కా,

ఎప్పటిలా ముద్దులతో కాదు, ఈసారి భయంతో మొదలుపెడుతున్నాను. ఈ పెట్టెలో నీ కవితల పుస్తకాలున్నాయి. తెరిచేముందు ఇది చదువు.

నువ్వు పంపిన ఫైలు ఉత్త అక్షరాలే కదా. వాటి మధ్య నువ్వు పెట్టిన గుర్తుల్ని చూసి మా ప్రెస్సులో ప్రోగ్రాము అచ్చుకి పేజీలు కడుతుంది. ఒక గుర్తుంటే శీర్షిక, ఇంకోటుంటే లావు అక్షరం. లైను విరగాలంటే మాత్రం దాని చివర రెండు ఖాళీలుండాలి. కంటికి కనబడవు. నువ్వు ప్రతి లైనుకీ ఓపిగ్గా పెట్టావు. ఏ ఫైలొచ్చినా చివరి ఖాళీలు ఊడ్చెయ్యడం నాకు అలవాటు. నీదీ ఊడ్చేశాను. లైన్లన్నీ కలిసిపోయి పేరాలయ్యాయి.

ప్రూఫులో చూశాను. కొత్త పద్ధతిలో రాశావేమో అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, మళ్ళీ మొదటినుంచీ ఎవరు చేస్తారులే అని అలా అనుకున్నానా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు. అచ్చయ్యాక నీ అసలు ఫైలు తెరిస్తే లైన్లన్నీ విడివిడిగానే ఉన్నాయి, చివర రెండేసి ఖాళీలతో.

మా ప్రెస్సాయన నవ్వేశాడు. "ఇప్పుడేం మునిగిపోయిందమ్మా? మీ అక్కగారి కవితలు నాకు అర్థమవడం ఇదే మొదటిసారి! ఊరుకోండి, ఎవరికీ తెలీదు."

నాకు తెలుసుగా. నీకు నత్తి. మాట ఎక్కడ ఇరుక్కుంటుందో చూసుకుని, ఊపిరి తీసుకోవడానికే నువ్వక్కడ లైను విరుస్తావు. ఆదివారం ఆవిష్కరణ సభలో ఈ పుస్తకం ఎలా చదువుతావు? వాయిదా వేయించమంటావా? ఫోనులో నువ్వు మాట వెతుక్కుంటుంటే వినే ధైర్యం లేక రాస్తున్నాను.

నీ చిట్టి

*

చిట్టీ,

కోపం తగ్గలేదు. తగ్గిందని రాయను.

ఆదివారం సభకి నేను రాసుకున్న కాగితాలు పట్టుకెళ్ళి ఉండొచ్చు. మొండితనంకొద్దీ పుస్తకమే పట్టుకెళ్ళాను. రెండో కవితలో మాట ఇరుక్కుంది. నా గుటక మైకులో హాలంతా వినబడింది. ఎవరూ దగ్గలేదు, జాలిగా నవ్వలేదు. ఆగారు. నేనూ ఆగాను. చాలాసేపటికి మాట దానంతట అదే వచ్చింది.

నాకోసం అలా ఆగిన మనుషుల్ని అంతకుముందు చూసిన గుర్తు లేదు. చిన్నప్పటినుంచీ నేను తడబడీ తడబడకముందే మాట నువ్వే అందించేదానివి. ప్రేమతోనే, కాదన్ను. నా ఖాళీలు నువ్వే పూడ్చేస్తే నేనెక్కడ మాట్లాడను చెప్పు? పుస్తకానికీ అదే చేశావు.

మళ్ళీ అచ్చు వేయించు. నా లైన్లు నాక్కావాలి. వచ్చేనెల ఇంకో సభ ఉంది. వచ్చి ముందు వరసలో కూర్చో. ఎంతసేపు పట్టినా సరే, అందించకు.

అక్క