లావెక్కిన గీతలు

12 జూన్ 2012, కామారెడ్డి

ఇది రాయకపోతే ఏ బస్సూ ఆగిపోదు. రెండు రోజులు పెన్ను మూత తీశాను, పెట్టాను. ఇవాళ వాన, బయటికి పోలేను. కాబట్టి రాస్తున్నాను.

నా దోస్తు జహూర్ కొత్త స్కెచ్‌బుక్ కుట్టి ఇచ్చాడు. ప్రెస్సులో మిగిలిన కాగితం, బీడీలు కట్టే దారం, అంటించడానికి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా లై. ఒకప్పుడు ఆఫీసు రిజిస్టర్లన్నీ అతని బైండింగే. కంప్యూటర్లొచ్చి అతన్నీ, ఫ్లెక్సీలొచ్చి నన్నూ ఇంట్లో కూర్చోబెట్టాయి. నేను సైన్‌బోర్డు పెయింటర్ని. ఒక పళ్ల డాక్టరు బోర్డుకు ముప్పై మూడు పళ్లు వేశాను, డాక్టరుతో సహా ఎవరూ లెక్కపెట్టలేదు. అది వేరే కథ.

పుస్తకం అతను కుడతాడు. ఊళ్లు తిరిగి బొమ్మలు నేను వేస్తాను. మొదట చూసేది అతనే.

3 జులై, ఎల్లారెడ్డి

బస్టాండులో మక్క కంకులు కాల్చే రుక్మాబాయిని వేశాను. గింత సన్నగ గీసినవేంది బాపు, నా ముక్కు యాడ పాయె అన్నది. సాయంత్రం జహూరేమో, బొగ్గుల కుప్పనా అన్నాడు. ఆమె నవ్వులాటకు అన్నది. అతను నిజంగానే అడిగాడు.

4 జులై

జహూర్ భార్య తాహేరా గుమ్మం దగ్గర నన్ను ఆపింది. సూదిలో దారం ఇప్పుడు తనే ఎక్కిస్తున్నదట. షుగర్ కండ్లకు పట్టింది భాయ్‌సాబ్, హైదరాబాద్ దవాఖానకు పోదామంటే ఇంటలేడు, మీరన్న చెప్పుండ్రి అన్నది.

చెప్పాను. నా కండ్లకేం కాలె, నీ చెయ్యే వణుకుతున్నది సీతారామన్నా అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

19 ఆగస్టు, గాంధారి

సన్న కుంచె సంచిలోనే ఉంచి, బోర్డులు రాసే బ్రష్షు తీశాను. ఒక ఎద్దు, ఒక బండి, అంతే. జహూర్ చూడగానే పట్టేశాడు. ఒక కొమ్ము ఇరిగిందని కూడా చెప్పాడు. తాహేరాను పిలిచి, చూసినవా, నాకేమైంది అన్నాడు. ఆ ఖుషీలో చాయ్‌లో చక్కెర వేయించుకున్నాడు.

నవంబరు, తేదీ గుర్తులేదు

పేజీకి ఒకటే వస్తువు. కుండ. తలుపు. అన్నీ నల్లగా, లావుగా.

8 జనవరి 2013

తాహేరా ఎన్నడూ మా ఇంటికి రాలేదు. ఇవాళ వచ్చింది, కూర్చోలేదు. మీరు గీతలు లావు చేసుడు, ఆయన చూపు మళ్లొచ్చిందని మురుసుడు, గిట్లనే ఐదు నెలలాయె, దవాఖాన బందు చేసింది మీ బొమ్మలే భాయ్‌సాబ్ అన్నది.

చీకటి పడకముందే సన్న కుంచెతో వాళ్ల గల్లీ గీసి తీసుకుపోయాను. జహూర్ పుస్తకాన్ని దగ్గరికి, దూరానికి జరిపాడు. అన్నా, తలకిందులు పట్టుకున్ననా అని అడిగాడు. లేదన్నాను.

పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత, ఎప్పుడు పోదాం అన్నాడు.

21 జనవరి, హైదరాబాద్

లేటయింది అన్నాడు డాక్టరు. కుడి కన్ను పోయినట్టే. ఎడమది ఎన్నాళ్లుంటే అన్నాళ్లు.

తిరుగు బస్సులో ఎప్పుడూ కిటికీ సీటు నాది. ఇవాళ అందులో జహూర్ కూర్చున్నాడు.

మార్చి

ఎక్కడికీ పోలేదు.

30 జూన్

మద్నూర్ సంతలో వేసిన ఎద్దుల బొమ్మ చూపిద్దామని పోయాను. పుస్తకం తెరిచి జహూర్ చేతిలో పెట్టాను. మద్నూర్ ఎద్దులు అని చెప్పాను. చాలాసేపు వంగి చూశాడు. మంచిగొచ్చింది సీతారామన్నా, ఎద్దులంటే ఎద్దులే అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను, నేను ఒక పేజీ ఎక్కువ తిప్పి ఇచ్చాను. అతని చేతిలో ఉన్నది ఖాళీ పేజీ.

అవును, ఈసారి కుదిరింది అన్నాను. తాహేరా చాయ్ గ్లాసులు కింద పెట్టి లోపలికి పోయింది.