హారన్ తీగకు నీలం టేపు

పెద్దోడా, కారు తాళం నా దిండు కింద ఉంది. ముందు ఈ చీటీ పూర్తిగా చదివి, తర్వాత తీసుకో.

పొద్దున మెకానిక్ వచ్చి చూశాడు. ఫ్యూజు, హారన్ రెండూ బాగానే ఉన్నాయట. హారన్‌కు వెళ్లే తీగను ఎవరో పీకి, చివర నీలం టేపు చుట్టారట. మన మిక్సీ తీగకు నువ్వు చుట్టిన టేపే అది. మొన్న హారన్ ఆగకుండా మోగి వీధంతా తిట్టినప్పుడు, నువ్వు బానెట్ ఎత్తి దాని నోరు మూయించావు. బాగు చేశావనుకున్నాం. ఇప్పుడు ఆ తీగ తగిలిస్తే మళ్లీ అరుస్తుంది. స్టీరింగ్‌లో బటన్ ఇరుక్కుపోయిందట. షెడ్డుకు తీసుకెళ్లి మార్పించు.

నిన్న లారీ వెనక్కి వస్తుంటే కోడలు వేలు తెల్లబడేదాకా హారన్ నొక్కింది. పక్కనే కూర్చుని చూశాను. వెనక సీట్లో పాప ఉంది. లారీవాడు ఎలాగో చూసుకుని ఆపాడు కాబట్టి బతికిపోయాం. ఇంటికొచ్చాక ఆ పిల్ల "కంగారులో నేనే సరిగ్గా నొక్కలేదేమో అత్తయ్యా" అని ఏడుస్తుంటే, నువ్వు కాళ్లు చాపుకుని "నీకెందుకే డ్రైవింగ్" అన్నావు. తీగ సంగతి మర్చిపోయావా, గుర్తుండే కిక్కురుమనలేదా? ఏదైనా నాకు ఒళ్లు మండుతోంది. నోటితో చెబితే అరుపులే వస్తాయని రాస్తున్నాను.

కోడలికి నేనింకా చెప్పలేదు. మేమిద్దరం బడి నుంచి పాపను తీసుకుని బస్సులో వస్తాం. రాగానే నువ్వే చెప్పు.

భోజనం మూత పెట్టి ఉంచాను, తిను. తను ఇక కారు ముట్టనంటోంది. మళ్లీ తనంతట తాను స్టీరింగ్ పట్టుకునేదాకా నాతో మాట్లాడకు.