ఎదురు పందెం

ఖానాపురం హవేలి, ఖమ్మం
జూన్ 14

ప్రియమైన అరుణకు,

మీ బడి దగ్గర సిగ్నల్ దొరికేది గోదారి కట్ట మీద, అదీ పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ మనం అరుచుకోవడానికే సరిపోతోంది. ఇకమీద రాసుకుందామని నువ్వే అన్నావు కాబట్టి రాస్తున్నాను. ఈ కవరు భద్రాచలం బస్సులో వేస్తే, మీ హాస్టల్‌కు కూరగాయలు తోలే హాతీరాం అందుకుంటానన్నాడు.

దూలయ్య టీ హోటల్లో రోజూ ఒకటే చర్చ. ఏ దేశం డబ్బుకు, ఏ మార్కెట్‌కు ఎదురు పందెం కట్టాలి? పెరిగేదాని మీద ఎవడైనా పెడతాడు. పడేదాన్ని ముందే పసిగట్టినవాడే మొనగాడు. దూలయ్య జపాన్ యెన్‌ను పట్టుకుని వదలడు. "గా దేశంల అందరు ముసలోల్లే తమ్మీ. ముసలోల్ల పైసకు బలమేడిది?" అంటాడు. నేను మాత్రం రెండే చెప్పాను. ఒకటి మన రూపాయి, రెండు మిర్చి. ఆగస్టులోపు రెండూ పడతాయి. మన తేజ మిర్చి కొనేది చైనావాళ్లు. వాళ్ల డబ్బు బలహీనపడితే కొనుగోలు తగ్గిస్తారు.

అందుకని పెనుబల్లి చేలో పండిన ఆ నలభై ఆరు బస్తాలు కోల్డ్ స్టోరేజీ నుంచి తీయించి ఇప్పుడే అమ్మెయ్యి. రసీదు నీ పేరున ఉంది, నీ సంతకం కావాలి. ఆ డబ్బుతో రూపాయికి ఎదురు పందెం కడతాను. మన ఒప్పందం గుర్తుందిగా. ఆగస్టు నెలాఖరుకు నా మాట నిలబడితే ఇదే నా పని. లేకపోతే మళ్లీ మణుగూరు బొగ్గు గనికి వెళ్లి డంపర్ ఎక్కుతాను. పదకొండేళ్లు అదే గుంతలో దిగి అదే గుంతలోంచి ఎక్కాను అరుణా. ఇక నా వల్ల కాదు.

నీ
సంపత్


పర్ణశాల
జూన్ 21

ప్రియమైన భాను నాన్నకు,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. జపాన్ ఉంది, చైనా ఉంది, దూలయ్య కూడా ఉన్నాడు. భాను జ్వరం తగ్గిందా అన్న ముక్క మాత్రం లేదు. తగ్గింది. నిన్నటి నుంచి క్లాసుకు వస్తోంది. నాన్న నా జ్వరం గురించి రాయలేదా అని తనే అడిగింది, మాట మార్చి గదిలోకి పంపేశాను.

నేను లెక్కల టీచర్ని, డబ్బు మార్కెట్లు తెలియవు. అయినా ఒకటి అడుగుతాను. రూపాయి పడితే మిర్చి బయటికి పంపే వ్యాపారికి ఒక్కో డాలర్‌కు ఎక్కువ రూపాయలు వస్తాయి. అప్పుడు అతను మన మిర్చికి ఎక్కువ పెట్టగలడు గానీ తక్కువ ఎందుకు పెడతాడు? ఇది క్లాసులో చెప్పగానే మా ఎనిమిదో తరగతి పిల్ల లేచి నిలబడి, "గట్లయితె రెండిట్ల ఒకటి తప్పు కద టీచర్" అంది.

చేను మా అమ్మ నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. నా కాంట్రాక్టు జీతం సంవత్సరానికోసారి కొత్తగా రాసిస్తేనే నిలిచేది. ఈ ఇంటికి వెన్నుదన్ను ఆ బస్తాలే, అందుకే సంతకం పెట్టను. కోపం వస్తే రానివ్వండి, నాకు వచ్చి చాలా రోజులైంది.

మీ
అరుణశ్రీ


ఖమ్మం
జూలై 19

అరుణకు,

నెల రోజులు రాయలేదంటే కోపమని కాదు, సిగ్గని. రూపాయికి ఎదురు పందెం కడదామని ఇక్కడి బ్రోకర్ దగ్గరికి వెళ్లాను. ఆ పిల్లవాడు కంప్యూటర్లోంచి తల ఎత్తకుండానే, "మీకు డాలర్లతోని పనేముందన్నా? బయటి దేశం నుంచి పైసలొచ్చే యాపారం ఉన్నదా? ఉంటె రాసియ్యండి" అన్నాడు. అట్లాంటి వ్యాపారం ఉన్నవాళ్లనే ఈ పందెం కట్టనిస్తారట. డంపర్ డ్రైవర్‌కు డాలర్లతో పనేముంటుంది? రూపాయి కళ్ల ముందే పడుతోంది, నేను చెప్పినట్టే పడుతోంది. కానీ ఆ మాట మీద ఒక్క రూపాయి పెట్టే దారి నాకు లేదు. గాజు సీసాలో తేనె ఉంటే బయట నుంచి నాకినట్టుంది నా పని.

నువ్వు చెప్పింది మాత్రం నిజమే. మిర్చి పడలేదు. మిర్చి యార్డులో నిన్న జెండా ధర క్వింటాకు పదిహేను వేల రెండొందలు. రూపాయి ఇంకా పడుతుంది, మిర్చి ఇంకా లేస్తుంది. కాబట్టి అమ్మొద్దు. పద్దెనిమిది వేలు దాటేదాకా ఒక్క బస్తా కూడా కదిలించొద్దు. ఫోన్‌లో మా మార్కెట్ గ్రూపులో రెండొందల నలభై మంది ఉన్నారు, అందరికీ ఇదే చెప్పాను. ఈసారి తిరుగులేదు.

భాను ఎలా ఉంది?

నీ
సంపత్


పర్ణశాల
జూలై 26

ప్రియమైన భాను నాన్నకు,

భాను బాగుంది. అడిగారని చెబితే, చేతిలో బంతి ఉంటే అది వదిలేసి వచ్చి ఉత్తరం తనే చదువుకుంది.

మిర్చి పండించే ఇంటి అల్లుడై ఉండి జెండా ధర చూసి మురిసిపోతారా? పొద్దున్నే జెండా పాట పాడేది యార్డులో ఉన్న వాటిల్లో నాణ్యమైన కుప్ప మీద. ఆ ధర ఆ రైతుకే. మిగతావాళ్ల బస్తా కోసి చూసి, తాలు కాయ ఉందని, రంగు తగ్గిందని వేలకు వేలు కోస్తారు. మన చేను చూసుకునే మా గోపయ్య అన్న ఎప్పుడూ అంటాడు, "జెండా ఒక్కనికి, కట్టె దెబ్బ అందరికి" అని. మీరు ఆ రెండొందల నలభై మందికి చెప్పింది ఒక్క కుప్ప ధర.

బస్తాల గురించి మీరు రాసింది అర్థమైంది. వాటి గురించి ఇక బెంగ పెట్టుకోకండి. గనిలో మీ డ్రైవర్ సీటు ఆగస్టు నెలాఖరు దాకే ఉంచుతానని మీ సూపర్‌వైజర్ శ్రీశైలం అన్న అన్నాడు, అది మరిచిపోకండి. ఇక్కడ వరద నీళ్లు కట్ట దాకా వచ్చాయి. ఈ వారం ఎక్కువ రాయలేను.

మీ
అరుణశ్రీ


ఖమ్మం
ఆగస్టు 23

అరుణా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు.

మిర్చి పడిపోయింది. జెండా ధరే పదకొండు వేలకు దిగింది. గ్రూపులో పంతొమ్మిది మంది మిగిలారు, వాళ్లు కూడా తిట్టడానికే ఉన్నారు. దూలయ్య టీ ఇస్తున్నాడు గానీ నా వంక చూడటం లేదు. రూపాయి నేను చెప్పినట్టే పడింది. ఆ సంగతి ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు తలుచుకోలేదు.

కనీసం మన బస్తాలైనా ఒకసారి చూసుకుందామని నిన్న కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. గుమస్తా పుస్తకం తిరగేసి, "గవి పోయిన నెల ఇరవై మూడునాడే పోయినయ్ గద. మీకు తెల్వదా?" అన్నాడు. పక్కన నలుగురు రైతులు నిలబడి ఉన్నారు. తెలుసన్నట్టు తల ఊపి బయటికి వచ్చేశాను.

ఇరవై మూడున అమ్మావు. ఇరవై ఆరున నాకు ఉత్తరం రాసి, వరద నీళ్ల గురించి చెప్పావు. నన్ను మగాడిగా కాదు, మనిషిగా కూడా లెక్కపెట్టలేదు నువ్వు. ఇక ఏ ఒప్పందమూ లేదు. చచ్చినా ఆ డంపర్ ఎక్కను. రాసిపెట్టుకో.

సంపత్


పర్ణశాల
ఆగస్టు 30

ప్రియమైన భాను నాన్నకు,

చెప్పకుండా అమ్మడం తప్పు. నలుగురిలో మీరు అట్లా నిలబడాల్సి వచ్చిందని చదివి ఏడ్చాను. అది ముందు ఒప్పుకుని తర్వాత మిగతాది రాస్తున్నాను.

ఆ రోజు జెండా పదిహేను వేల మీద ఉంది, మనకు పడింది పదమూడు వేల వంద. డబ్బు మన ఇద్దరి పేరున బ్యాంకులో ఉంది. ఇందులో నా తెలివి ఏమీ లేదు. చైనా సంగతి నాకు తెలియదు, మిర్చి పడుతుందనీ తెలియదు. జూన్‌లో మీరు అమ్మమన్నారు, నేను ఆగాను. జూలైలో తిరుగులేదు, ఆగమన్నారు, ఆ వారమే గోపయ్య అన్నను పిలిచి అమ్మించాను. ఏ మార్కెట్‌కు ఎదురు పందెం కట్టాలని మీరు ఊరంతా వెతికారు. నాకు తెలిసిన మార్కెట్ పదమూడేళ్లుగా మీరొక్కరే. మీకే ఎదురు కట్టాను.

గెలిచానన్న సంతోషం ఒక్క పూట కూడా లేదు. అమ్మిన రోజు నుంచి మిర్చి పడాలని, అంటే మీ మాట తప్పాలని మొక్కుకుంటూ పేపరు చూశాను. పెళ్లాం చేయాల్సిన పనేనా అది? రూపాయి సంగతి మాత్రం మీరు సరిగ్గా చెప్పారు. ఎవరూ అనలేదన్నారు కదా, నేను అంటున్నాను. ఆ ఒక్కదానికి ఎదురు కట్టే దారి నాకూ లేకపోయింది, బతికిపోయాను.

మొన్న సెలవు పెట్టి మణుగూరు వెళ్లాను. శ్రీశైలం అన్న రిజిస్టరు ముందు పెట్టుకుని, "సోమారం పొద్దుగాల షిఫ్టుకు ఖరారుగ వస్తడా చెల్లె? లేకుంటె సీటు వేరేటోనికి ఇయ్యాలె" అన్నాడు. మీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. వస్తడన్నా అని చెప్పి మీ పేరు రాయించాను. అదే గుంతలో తిరగడం ఎంత విసుగో నాకు తెలియనిది కాదు. తెలిసే రాయించాను.

అక్కడ మీరు వదిలేసి వచ్చిన బూట్లు భద్రాచలంలో అడుగులు కొత్తవి వేయించి హాతీరాంకు ఇచ్చాను. ఈ ఉత్తరంతో పాటే వస్తాయి. డంపర్ ఎక్కను, రాసిపెట్టుకో అన్నారు. రాసిపెట్టుకున్నాను. దానికీ ఎదురు పందెమే కట్టాను.

మీ
అరుణ