గుడారంలో లేని కుర్చీ

చెల్లీ, దేవుని దయవల్ల నా ఆపరేషన్ కుట్లు విప్పారు. గడ్డ ప్రమాదం లేనిదేనని రిపోర్టు వచ్చింది.

పిల్లల బైబిలు తరగతికి వడ్రంగి చేత, పూర్వం యాజకులు దేవునికి అర్పణలు చేసిన ప్రత్యక్ష గుడారం బొమ్మ చేయిస్తున్నాను. రొట్టెల బల్ల, దీపస్తంభంతోపాటు అడక్కుండానే బుల్లి కుర్చీ కూడా తెచ్చాడు. గుడారంలో కుర్చీ ఉండదన్నాను.

"గుడారానికి అంత బంగారం పెట్టి ఒక్క కుర్చీ వేయించలేదా అక్కా?"

"యాజకుల అర్పణలు ఏనాటికీ తీరేవి కావు నాయనా, అందుకే నిలబడేవారు. ప్రభువు ఒక్కసారే తన్ను అర్పించుకుని, పని ముగించి దేవుని కుడిపక్కన కూర్చున్నాడు."

"అయితే పని తీరినవాళ్లెవరికైనా ఇవ్వండి" అని నా చేతిలో పెట్టాడు.

నాకు నయమయ్యేదాకా నిలబడే ప్రార్థిస్తానని అమ్మ పట్టుబట్టిందని, కాళ్లు వాచినా వినడం లేదని రాశావుగా. ఆ కుర్చీ మీ బావ చేత పంపుతున్నాను. అక్కడ మరిచిన నా పాత కళ్లజోడు ఆయనకిచ్చి పంపు. వంటింటి కప్పు కారడం ఆగిందా? పిల్లలకు నా దీవెనలు.

అమ్మ చేతిలో కుర్చీ పెట్టి, ఇక కూర్చోమన్నానని చెప్పు.

అక్క