ఖాళీ ఫోల్డర్ల తేదీలు

వేంకటేశ్వరస్వామిని తలచుకొని, కార్తీక సోమవారం దీపం పెట్టి రాస్తున్నాను.

స్వరాజ్యం అనే నేను, కీర్తిశేషులు రాఘవేందర్ గారి భార్యను, వయస్సు యాభై, నివాసం శంషాబాద్, రంగారెడ్డి జిల్లా. ఆయన పేరు ఏనాడూ నోటితో అనలేదు. ఇక్కడ రాయక తప్పదు. వచ్చే వారం దవాఖానలో నాకు గుండె ఆపరేషన్ ఉంది. మనసు స్థిమితంగా ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా, నా తదనంతరం జరగవలసినవి నా చేతితోనే రాసి పెడుతున్నాను. వీటిని నెరవేర్చే బాధ్యత నా తోడికోడలు శోభది. నిదానస్తురాలు.

1. మేడ మీది ఇల్లు సర్వహక్కులతో నా కూతురు శ్రీలతకు చెందవలెను. పూజగది గోడకు మేకులు కొట్టరాదు.

2. కింది ట్రావెల్స్ ఆఫీసులోనూ కార్లలోనూ నా వాటాను శ్రీలత, నా మరిది జగదీశ్ సమానంగా అనుభవించవలెను. అమ్ముకోరాదు.

3. నా పూజగంట శోభకు. పుట్టిల్లు మంఖాల్‌లో మా అమ్మ పెట్టిన ఎర్ర అంచు చీర ఆఫీసు ఊడ్చే తారాబాయికి. ఆ చీర ఆరేసినప్పుడల్లా ఆమె అంచును నిమరడం చూశాను.

4. ఇది సర్వర్ సంగతి. ఎయిర్‌పోర్టు బేరాలు పెరిగాక, ఆఫీసు కంప్యూటర్లకూ మేడ మీది దానికీ కలిపి కాగితాలన్నీ ఒకేచోట ఉండాలని ఆయన ఒక పాత యంత్రాన్ని సర్వర్‌గా పెట్టించారు. దాని మీద ఉచితంగా దొరికే లినక్స్ వేసింది శ్రీలత. చెడితే మనిషిని పిలిపించుకోవచ్చు, కొనుక్కునే విండోస్ పెడదామని జగదీశ్ అన్నాడు. ఆయన వినలేదు. "ఫుకట్ సాఫ్టువేరు పెట్టుకొని సేఠులమైతమా వదినా" అని మరిది అందరి ముందూ నన్ను అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నేనేం చేశానని?

ఇప్పుడు ఆ యంత్రం మూలుగుతోంది. మార్చాలి. మళ్లీ అదే తగవు. బాబాయి, బిడ్డ ఒక పంక్తిలో కూర్చొని తిని చాలాకాలమైంది.

డ్రైవర్ల ముందు భార్యను కేకేసి పిలవడం ఆయనకు సిగ్గు. అందుకని సర్వర్‌లో ఒక ఖాళీ ఫోల్డరు చేసి, ఇంగ్లీషు అక్షరాలతో 'చాయ్' అని పేరు పెట్టేవారు. మేడ మీద తెరలో చూసి చాయ్ పంపేదాన్ని. 'తిన్నవా', 'మోకాలు ఎట్లుంది', 'వాన వస్తది బట్టలు తియ్యి'. అదే పేరు రెండోసారి పడదు కాబట్టి పక్కన అంకె వేసేవారు. ఒక్కటీ చెరపలేదు.

మొన్న జగదీశ్ కొత్త డిస్కుకు అన్నీ కాపీ చేయించాడు. కాపీ చేసినవాడు ఖాళీవి చెత్త అనుకొని వదిలేశాడు. శ్రీలత మళ్లీ కాపీ చేస్తే అవి వచ్చాయి కానీ, అన్నిటి మీదా ఆ రోజు తేదీయే పడింది. ఆయన పోయాక రెండేళ్లకు చాయ్ అడిగినట్టు. పాత యంత్రంలో అన్నీ ఉన్నాయి కాబట్టి బతికాను.

కాబట్టి, ఏది మంచి సాఫ్ట్‌వేరో నాకు తెలియదు. ఎవరిది ఆ ఫోల్డర్లను అసలు తేదీలతో సహా దాటిస్తే వారిదే ఉండవలెను. శోభ ఒక్కొక్కటీ సరిచూసిన తరువాతే పాత యంత్రాన్ని ఆపవలెను. ఇద్దరివీ దాటిస్తే, శ్రీలతా, బాబాయి మాట చెల్లనివ్వు. మీ నాన్న ఉండగా ఒక్కసారీ చెల్లలేదు.

5. చివరి ఫోల్డరు పేరు 'వస్తున్న'. ఆ మధ్యాహ్నం అది చూసి కంచంలో అన్నం పెట్టాను. మెట్ల మీద అడుగుల చప్పుడు రాలేదు. కింద కుర్చీలోనే ఒరిగి ఉన్నారు. ఇప్పటికీ పూజ అయ్యాక దాన్ని ఒకసారి చూసుకొని గాని మంచినీళ్లు ముట్టను.

నేను పోయిన నాడు, బిడ్డా, నా తరఫున ఒక ఖాళీ ఫోల్డరు చెయ్యి. దానికీ 'వస్తున్న' అనే పేరు పెట్టు. ఆయన ఫోల్డరు పక్కన కాదు, దాని లోపల పెట్టు. లోపల ఏదైనా పెడితే పై దాని తేదీ మారుతుందని నువ్వే చెప్పావు. అప్పుడు మారనీ.

శంషాబాద్, 18 నవంబరు 2013.

(సంతకం) స్వరాజ్యం

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
నరసరాజు, విశ్రాంత ఉపాధ్యాయుడు, ఎదురింటివారు
సత్తెమ్మ, భజన మండలి, శంషాబాద్