సోమవారం తెరుస్తామన్న డయాలసిస్ గది

జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, నరసరావుపేట.

విషయం: పేరడీ పోస్టును నమ్మి నా భార్య చనిపోయిన సంగతి, అందుపై పోలీసువారు రాసిన ఫిర్యాదుపై నేను సంతకం చేయకపోవుట గురించి.

అయ్యా,

ఈపూరు దగ్గర పల్లెలో కిరాణా కొట్టు నడుపుకొనువాడను. నా భార్య అన్నపూర్ణకు కిడ్నీలు పాడై రెండేళ్లుగా ప్రతి సోమ, గురువారములు డయాలసిస్ కొరకు బస్సులో నరసరావుపేట తీసుకొనిపోయేవాడను.

1. మా వీధి ఫణీంద్ర అను ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు మా నియోజకవర్గ నాయకుడి ఫొటో పెట్టి, పేరడీ అని రాసి, ఇంటర్నెట్టులో ఎగతాళి ఖాతా నడుపుచున్నాడు. "సోమవారం నుంచి మన ఆసుపత్రిలోనే డయాలసిస్. మిషన్లు మీరే తెచ్చుకోగలరు" అని అందులో రాసినాడు. ఆ రెండో వాక్యమును, పేరడీ అన్న మాటను ఎవరో కత్తిరించి వాట్సాప్ గ్రూపులో పెట్టినారు. అన్నపూర్ణ నమ్మి, నరసరావుపేట ఆసుపత్రికి ఫోను చేసి సోమవారం రామని చెప్పినది.

2. సోమవారం ఆటోలో మా ఈపూరు ఆసుపత్రికి పోగా, నర్సు ప్రేమలత తల పట్టుకొన్నది. "ఏంది బాబాయ్, ఎవరు చెప్పారు మీకు? ఇక్కడ మిషనేదీ? అది ఎగతాళి పోస్టంట!" అన్నది. వెంటనే పేటకు ఫోను చేసినాము. మా వంతు వేరొకరికి ఇచ్చినారట, మర్నాడు రమ్మన్నారు. తెల్లవారేసరికి ఆమెకు ఊపిరాడలేదు. పేటకు బయలుదేరిన బాడుగ కారు రొంపిచర్ల చేరకముందే నా భుజం మీద ప్రాణం పోయినది.

3. శవం దగ్గరకు ఫణీంద్ర రాగా చెంప మీద కొట్టినాను. ఇంకా కొట్టాలని ఇప్పటికీ ఉన్నది. అయినను పోలీసువారు రాసి తెచ్చిన కాగితంలో వాడి పేరొక్కటే ఉన్నది. ఇదే డయాలసిస్ గది తెరుస్తానని మూడేళ్ల కిందట నాయకుడు సభలో మైకు పట్టుకొని చెప్పినప్పుడు నేనూ అన్నపూర్ణా చప్పట్లు కొట్టినాము. "ఆయన పేరు కూడా రాస్తారా?" అని అడిగినాను. "నువ్వు సంతకం పెట్టు పెద్దాయనా, మమ్మల్ని ఇరికించమాక" అన్నారు. పెట్టలేదు.

4. మా చుట్టుపక్కల నుండి ఇంకా పదకొండు మంది పేటకు పోయి వచ్చుచున్నారు. వారికైనా ఆ గది తెరిపించవలెను. తెరవలేనిచో, తెరవబోమని తమరి సంతకంతో ఆసుపత్రి గోడకు కాగితం అంటింపవలెను. వారు నమ్మడానికి ఏదో ఒకటి నిజమైనది ఉండవలెను గదా అయ్యా.

చిత్తగించి, జవాబు దయచేయవలెను.

తమ విధేయుడు,
గోపాలకృష్ణయ్య

మరొక్క మాట: ఎందుకు రాశావురా అని ఫణీంద్రను అడిగితే, "జనం నవ్వుతారనుకున్నా బాబాయ్" అని ఏడ్చాడు. అన్నపూర్ణ నవ్విందయ్యా. ఇంక బస్సెక్కే పని లేదని ఆ ఆదివారమంతా నవ్వుతూనే ఉంది.